పది డబ్బాల బియ్యం

నీళ్ళు తోడే పంపుకి బియ్యం అడ్డుపడింది.

సీతారాం జాలీ విప్పి అరచేతిలో దులుపుకున్నాడు. నాని ఉబ్బిన గింజలు గుప్పెడు రాలాయి. పడవ అడుగున నూనె మడ్డి ఉంటుంది, తాడు పీచు ఉంటుంది, చచ్చిన బొద్దింక ఉంటుంది. బియ్యం ఉండదు. ఆ రోజుల్లో, ఆ తీరం మీద, అసలు ఉండకూడదు.

పక్కనున్న పలక ఎత్తాడు. కింద సైకిలు ట్యూబులు. చుట్టలు చుట్టి, రెండు కొసలూ తీగతో బిగించి ఉన్నాయి. ఎనిమిది. ఒకదాన్ని నొక్కి చూశాడు. లోపల గాలి లేదు. వేళ్ళ కింద గింజలు కదిలాయి.

తలెత్తేసరికి ఆ పడవ యజమాని సుబ్రమణియం నిలబడి ఉన్నాడు. స్పానర్ ఇవ్వడానికి వచ్చినవాడు, ఇవ్వకుండా దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నాడు.

అది 1957 ఆగస్టు ఇరవై ఎనిమిది, బుధవారం. మూడు రోజుల్లో మెర్డెకా, మలయ్ దేశపు స్వాతంత్ర్య దినం. పాంకోర్ దీవి ఒడ్డున చేపల షెడ్ల మీద జెండాలు కడుతున్నారు. స్వాతంత్ర్యం వస్తోంది గాని ఎమర్జెన్సీ పోవడం లేదు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి మెతుకు అందకుండా మాడ్చి బయటికి రప్పించాలని సర్కారు పట్టుదల. పడవలో ఇద్దరుంటే ఇద్దరి రేషన్ కార్డుకి సరిపడా బియ్యమే ఉండాలి. అదీ వంటగదిలో, పోలీసుకి కనబడే పెట్టెలో. దాచింది దొరికితే జైలు, ఎన్నేళ్ళో ఎవరూ చెప్పలేరు.

సీతారాంకి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో ముప్పై ఏళ్ళు గుమస్తాగా చేశాడు. ఒక్కడే కొడుకు, కన్నబాబు. అదే తోటలో సూపర్‌వైజరు. 1951 జులైలో తోట జీపు మలుపు తిరుగుతుంటే అడవిలో వాళ్ళు కాల్చారు. జీపులో ఆరుగురు. ముగ్గురు బతికారు. కన్నబాబు ఆ ముగ్గురిలో లేడు. సీతారాం బెల్టు చూసి పోల్చుకున్నాడు. కాయితం మీద సంతకం పెట్టమంటే పెట్టాడు. చేతిరాత కూడా చెదరలేదు. అప్పట్నుంచి లోపల ఏదీ చెదరలేదు, కుదురుకోనూ లేదు.

ఆ తర్వాత రత్నావతి నేల మీద ఉండనంది. కనబడ్డవాళ్ళందరూ కొడుకు గురించి అడుగుతారు, జాలిపడతారు, అదీ ఆవిడ బాధ. సుంకం వాళ్ళు అమ్మేసిన పాత మోటారు లాంచి ఒకటి కొని, దానికి మరిడమ్మ అని పేరు పెట్టుకుని, మొగుడూ పెళ్ళాం నీళ్ళ మీదకి వచ్చేశారు. లంకావి, పెనాంగ్, పాంకోర్. గాలివాటం చూసుకుని ఒకచోట నెల, ఇంకోచోట వారం. ఇలా పడవల్లో తిరిగేవాళ్ళు ఆ తీరం మీద ఓ పాతిక కుటుంబాలుండేవి. ఎక్కడ లంగరేసినా ఎవరో ఒకరు తెలిసినవాళ్ళు ఉండేవాళ్ళు. తాడు అందుకునేవాళ్ళు, మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు, ఎందుకు తిరుగుతున్నావని అడిగేవాళ్ళు కాదు.

సుబ్రమణియం అలా దొరికినవాడే. రైల్వేలో గార్డుగా చేసి, చిన్న ఇంజను కూడా ఉన్న తెరచాప పడవ కొనుక్కుని, పెళ్ళాం వళ్ళియమ్మైతో తిరుగుతున్నాడు. పడవ పేరు కావేరి. మూడేళ్ళ క్రితం లంకావి దగ్గర మరిడమ్మ ఇంజన్ ఆగిపోతే, వాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చి, నాలుగు రోజులు తమ పడవలో ఉంచుకున్నారు. కొడుకు పోయాక రత్నావతి ఇంకాస్త పెట్టమని అడిగి అన్నం తిన్నది మొదటిసారి ఆ పడవలోనే. అప్పట్నుంచి సుబ్రమణియం తమిళంలో సీతారాంని మచ్చాన్ అంటాడు, అంటే బావ; రత్నావతిని తంగచ్చి అంటాడు, అంటే చెల్లెలు. తమ కొడుకు సింగపూర్ రేవులో పని చేస్తున్నాడని మూడేళ్ళుగా చెబుతూ వచ్చాడు.

"ఎవురికి?" అన్నాడు సీతారాం, ట్యూబు మీద చెయ్యి తియ్యకుండా.

"మావాడికి," అన్నాడు సుబ్రమణియం.

మిగతాదంతా గొంతు తగ్గించి, సగం తమిళం సగం తెలుగులో చెప్పాడు. కొడుకు సింగపూర్‌లో లేడు, ఎప్పుడూ లేడు. అడవిలో ఉన్నాడు. ఇప్పుడు జ్వరం. దుంపలు తవ్వుకు తింటున్నారట. నడిచే ఓపిక వస్తే బయటికొచ్చి లొంగిపోతానని బొగ్గు కాల్చేవాడితో కబురు పంపాడు. మధ్యాహ్నం పోటు మీద డిండింగ్ నదిలోకి వెళ్ళి, మడ చెట్ల మధ్య ఒక చోట ట్యూబులు వదలాలి. అదృష్టం బాగుంటే కుర్రాడు అక్కడే పడవెక్కేస్తాడు. ఇవాళ తప్పితే ఆ కబురు తెచ్చేవాడు మళ్ళీ దొరకడు.

"యే ఏడు ఎల్లినాడు?"

"యాభై."

"ఏ పక్క?"

సుబ్రమణియం స్పానర్ కింద పెట్టాడు. "తెలీదంటే నమ్ముతావా మచ్చాన్?"

"సెప్పు, సూద్దాం."

"మొదట్లో సుంగై సిపుట్ పక్కే."

సీతారాం కోపం కోసం ఎదురుచూశాడు. రావాలి కదా అనుకున్నాడు. కాస్త సమయం ఇచ్చి చూశాడు. అది రాలేదు. పలక మూసి, జాలీ బిగించి, పంపు తిప్పాడు. నీళ్ళు వచ్చాయి.

అప్పుడే బయట ఇంజన్ చప్పుడు వినబడింది. నీటి పోలీసుల లాంచి వచ్చి కావేరి పక్కన ఆగింది.

సార్జంట్ మలయ్ మనిషి. లావుపాటివాడు, మంచి హుషారు మీద ఉన్నాడు. లాంచి ముందు కాయితం జెండా కట్టించుకున్నాడు. వెంట తమిళ కానిస్టేబుల్ ఒకడు. కార్డులు చూశారు. ఈ పడవకి సీతారాం దంపతులు చుట్టపుచూపుగా వచ్చారని రాసుకున్నారు. తనిఖీ అంతా మొక్కుబడిగానే సాగుతోంది. సార్జంట్ వంటగదిలోకి తొంగి చూశాడు. వళ్ళియమ్మై చేప కోస్తోంది. రత్నావతి బియ్యం పెట్టె ముందు కూర్చుని ఉంది. చేతిలో ఖాళీ పాలడబ్బా. ఆ దేశంలో ఏ ఇంట్లోనైనా బియ్యం కొలిచేది దానితోనే.

పెట్టెలో ఎంత ఉందని సార్జంట్ మలయ్‌లో అడిగాడు.

"పది," అంది రత్నావతి.

సార్జంట్ పెన్సిల్ ఆగిపోయింది.

తెలుగులో అది అంకె. మలయ్‌లో అదే మాటకి, పలకడంలో వెంట్రుకవాసి తేడాతో, వడ్లు అని అర్థం. బియ్యానికి కార్డుంది, దుకాణంవాడి పుస్తకంలో రాత ఉంది. వడ్లకి ఏదీ లేదు. మళ్ళలోంచి నేరుగా పడవెక్కిన వడ్లంటే, అవి అడవికి పోతున్నట్టే లెక్క.

"వడ్లా? ఎక్కడ?" అన్నాడు సార్జంట్. ఇప్పుడు హుషారు లేదు. పలకలన్నీ ఎత్తమని కానిస్టేబుల్‌కి చెప్పాడు.

చేప మీద వళ్ళియమ్మై కత్తి ఆగింది. కానిస్టేబుల్ ఇంజన్ గది వైపు రెండడుగులు వేశాడు. దారిలో సీతారాం ఉన్నాడు.

"తువాన్, అది వడ్లు కాదు," అన్నాడు సీతారాం మలయ్‌లో. "మా భాషలో అంకె. పది డబ్బాలని చెబుతోంది."

ఎందుకన్నాడో అతనికే తెలియదు. తప్పు కనబడితే దిద్దడం ముప్పై ఏళ్ళ గుమస్తా అలవాటు. నోరు దానంతటదే అనేసింది.

సార్జంట్ కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ అడ్డంగా తలూపాడు. తాను తైపింగ్‌లో పుట్టిన తమిళుణ్ణి, తన భాష తనకి తెలుసు, ఆ అంకెని పత్తు అంటారు, ఈయన అబద్ధం చెబుతున్నాడు అన్నాడు.

"మేం తమిళులం కాదు. తెలుగువాళ్ళం," అన్నాడు సీతారాం.

ఈ మాట ఆ దేశంలో అతను కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాడు. వినేవాళ్ళు ప్రతిసారీ, ఆఁ అదే కదా, అన్నట్టు చూస్తారు. సార్జంట్ కూడా అలాగే చూశాడు. తర్వాత పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, లెక్కపెట్టు, అన్నాడు. ఒకటి దగ్గర్నుంచి, నీ భాషలో, మెల్లగా.

"ఒకటి," అన్నాడు సీతారాం. సార్జంట్ ఒక వేలు మడిచాడు. "రెండు. మూడు. నాలుగు." అవి తమిళానికి దగ్గరగానే ఉన్నాయని కానిస్టేబుల్ తలాడించాడు. "ఐదు. ఆరు. ఏడు. ఎనిమిది." కానిస్టేబుల్ ఈసారి నొసలు ముడిచాడు. "తొమ్మిది."

అక్కడ సీతారాం ఆగాడు.

అలవాటు మీద వచ్చిన మాటలు తొమ్మిదితో అయిపోయాయి. ఇక రాబోయేది తాను అనవలసిన మాట. పత్తు అన్నా చాలు. తడబడినట్టు నటించినా చాలు. ఊరుకున్నా చాలు. రెండు నిమిషాల్లో పలక లేస్తుంది, ఎనిమిది ట్యూబులు బయటికొస్తాయి. నదిలో ఎవరో జ్వరంతో సాయంత్రం దాకా కూర్చుని, ఎవరూ రాక వెనక్కిపోతాడు. లేదా పోలేడు. ఆ ఎవరో, 1951 జులైలో ఒక మలుపు దగ్గర ఉన్నాడో లేదో. ఉన్నాడని చెప్పేవాళ్ళు లేరు. లేడని చెప్పేవాళ్ళూ లేరు.

సుబ్రమణియం వైపు చూడలేదు. చూస్తే ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని కాదు, ఏమీ అనిపించదని. రత్నావతి వైపు చూశాడు. ఆవిడ పాలడబ్బా పట్టుకుని, రెప్ప వెయ్యకుండా తనవైపే చూస్తోంది. బతిమాలుతోందనుకున్నాడు.

"పది," అన్నాడు.

సార్జంట్ పదో వేలు మడిచి, ఆ మాట రెండుసార్లు తానే అనుకుని, పొట్ట కదిలేలా నవ్వాడు. పెట్టెలో బియ్యం కొలవమన్నాడు. రత్నావతి కొలిచింది. సరిగ్గా పది డబ్బాలు. కార్డుకి లోపే. సార్జంట్ రాసుకున్నాడు. శనివారం నుంచి అందరం ఒకే దేశం వాళ్ళమని, ఒకరి అంకెలు ఒకరు నేర్చుకోకపోతే ఇలాగే అరెస్టులైపోతారని కానిస్టేబుల్‌కి చెప్పాడు. వళ్ళియమ్మై టీ ఇస్తానంటే వద్దని, లుముట్‌లో పెరేడ్ రిహార్సల్ ఉందని, లాంచి ఎక్కి వెళ్ళిపోయాడు.

లాంచి చప్పుడు పూర్తిగా పోయాక వళ్ళియమ్మై మళ్ళీ చేప కొయ్యడం మొదలుపెట్టింది.

అరగంటలో వంటయింది. నాలుగు కంచాలు పెట్టింది. ఏడుస్తూనే వడ్డించింది, ఏడుస్తున్నట్టు ఆవిడకే తెలియనట్టుంది. రత్నావతి ఆకలి లేదంది. రెండోసారీ అదే అంది. అంతదాకా వచ్చి తినకుండా లేస్తే ఆ ఇద్దరూ ఏమనుకుంటారోనని సీతారాంకి తోచింది.

"తిను రత్నం," అన్నాడు.

ఆవిడ అతని మొహంలోకి చూసి, కంచం ముందుకు లాక్కుంది. మెతుకు మిగల్చకుండా తింది. సీతారాం కూడా తిన్నాడు. పులుసులో ఉప్పుందో లేదో తెలియలేదు.

చేతులు కడుక్కుంటుంటే సుబ్రమణియం దగ్గరికొచ్చాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు, కిందికి వంగబోయాడు. సీతారాం భుజం పట్టుకుని ఆపాడు.

"పంపు జాలీ వారానికోపాలి కడుగు మచ్చాన్," అన్నాడు.

ఒంటిగంటకి మరిడమ్మ లంగరెత్తింది. మళ్ళీ ఎక్కడ కలుద్దామని ఎవరూ అడగలేదు. కావేరి పోటు అందుకుని నది వైపు మళ్ళింది. సీతారాం చుక్కాని దగ్గర నిలబడి ఆ తెరచాప చిన్నదవుతుంటే చూశాడు. మంచిపని చేశానని అనుకుని చూశాడు. ఆ మాటకి కూడా లోపల ఏమీ కదల్లేదు.

రత్నావతి వచ్చి పక్కన నిలబడింది.

"వళ్ళియమ్మై పొద్దున్నే నాకు సెప్పీసింది," అంది.

"ఏటి?"

"అంతా. ట్యూబులు, కొడుకు, జ్వరం. ఏ పక్కనుండీవోడని అడిగినాను. సెప్పింది."

సీతారాం చుక్కాని పట్టుకునే ఉన్నాడు. ఇంజన్ ఒకే తీరుగా కొట్టుకుంటోంది.

"ముప్పై ఏళ్ళు దాటింది ఈ దేశమొచ్చి," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, చెబుతోంది, అంతే. "పోలీసోడి ముందు నానెప్పుడైనా తెలుగులో లెక్కెట్టినానేటండీ?"

అతను ఆలోచించాడు. లేదు. రేషన్ దుకాణంలో, సుంకం దగ్గర, బజార్లో, అన్నిచోట్లా ఆవిడ మలయ్ అంకెలే చెబుతుంది. పదిని సెపులుహ్ అంటుంది. తప్పు లేకుండా అంటుంది. వంటగదిలో ఆవిడ రెప్ప వెయ్యకుండా ఎందుకు చూసిందో అప్పుడు అర్థమైంది. బతిమాలిందే. అయితే తాను అనుకున్నట్టు కాపాడమని కాదు, ఊరుకోమని.

కావేరి తెరచాప నది నోట్లో మడ చెట్ల పక్కకి చేరింది.

"లుముట్ పోలీసు స్టేషన్ గంట దూరం," అన్నాడు సీతారాం. "ఆలింకా నదిలోనే ఉంటారు. తిప్పమంటే తిప్పుతాను."

నిజంగానే అన్నాడు. తిప్పమంటే తిప్పేవాడే. ఎటు తిప్పినా చెయ్యి ఒకేలా తిరుగుతుంది.

రత్నావతి నది వైపు చూస్తూ నిలబడింది. పెదవి మీద మెతుకు ఒకటి అంటుకుని ఉంటే కొంగుతో తుడుచుకుంది.

"పదని అన్నది తినకముందు," అంది. "ఇప్పుడు ఆల కూడు తినీసినాను. ఇంకేటని సెప్తాను?"

ఆగి, "వద్దన్నాను. మీరే తినమన్నారు," అంది.

లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. సీతారాం చుక్కాని ఉత్తరానికి పెట్టి, పెనాంగ్ వైపు నడిపాడు.