కుడిచేతి కొలత

పరీక్ష ముగిసి మంచం మీదికి చేర్చిన వేళ ఆ గదిలో ఉన్నవారు, వచ్చిన వరుసలో: ముందు గుండె డాక్టరు, ఆయన వెనుక నర్సు, చివర చక్రాల మంచం తోసిన మనిషి. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మంచం మీది ముసలి దర్జీ ఒక్కడే మిగిలాడు. 'రోగి తరఫున ఎవరు?' అన్న గడిలో ఆయన పొద్దున తన పేరే రాసుకున్నాడు. భార్య పోయిన ఆరేళ్లుగా ఏ కాగితంలోనైనా ఆ గడికి అదే పేరు.

కుడి మణికట్టు నుంచి సన్నని గొట్టం గుండె దాకా పంపి చూశారు, మందులు చాలన్నారు. గొట్టం తీసిన చోట పట్టీ బిగించారు. నర్సు వచ్చి చూసినప్పుడల్లా పట్టీ పొడిగానే ఉంది.

గంట గడిచేసరికి ఆసుపత్రి చొక్కా మోచేతి కింద పట్టేసింది. నలభై ఏళ్లు కోట్లు కత్తిరించిన మనిషికి ఒళ్లు మండింది. "చేతి దగ్గర గుడ్డ మిగుల్చుకున్నాడు, పిసినారి వెధవ" అని కుట్టినవాణ్ణి తిట్టుకున్నాడు. నొప్పి పెరిగింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. కత్తెర పట్టినట్టు బొటనవేలు వంచబోతే వంగలేదు. ఇంట్లో తనకింకా తోడున్నది ఆ కత్తెరే. దాన్ని పట్టే వేళ్లు పోతే మిగిలేవి నాలుగు గోడలు. అయినా మంచం పక్కనున్న పిలుపు గంట నొక్కలేదు. చొక్కా బిగువైందని నర్సును పిలవడం ఆయనకు నామోషీ.

నేల తుడిచే ఆమె వచ్చింది.

"ఏం తాతా, చొక్కాతో కుస్తీ పడుతున్నావా?"

"కొలత తెలియనివాడు కుట్టాడమ్మా."

"పొద్దున చూశాగా, అందులో గుమ్మడికాయ పట్టేది! గంటలో చొక్కా చిక్కిపోతుందా ఎక్కడైనా?"

నవ్వబోయి ఆగి, దుప్పటి తొలగించింది. ముంజేయి నిగనిగలాడుతూ రాయిలా బిగిసి ఉంది. తుడుపుకర్ర అక్కడే పడేసి, "నర్సమ్మా, రండి! తాత చెయ్యి వాచిపోయింది!" అని వరండా అదిరేలా అరిచింది.

నర్సు, డాక్టరు పరుగున వచ్చారు. మణికట్టుకు పైన చిన్న నాళం చిట్లి, నెత్తురు లోలోపలే కారుతోంది.

"ఇంకాస్త ఆగితే చెయ్యి కోసి ఒత్తిడి తగ్గించాల్సొచ్చేది, పెద్దాయనా. గంటెందుకు నొక్కలేదు?" అని అడిగాడు డాక్టరు.

"తప్పు చొక్కాదనుకున్నాను."

చేతిని ఒత్తి కట్టి, ఎత్తి పెట్టి, వాపు అంచున కలంతో గీత గీశారు. వాపు ఆ గీత దాటలేదు. మర్నాటికి బొటనవేలు వంగింది.

ఇంటికి వెళ్లేముందు అభిప్రాయాల పుస్తకం అడిగి, వంకర అక్షరాలతో, కుడిచేత్తోనే రాశాడు:

'ఈ అంతస్తులో నేల తుడిచే ఆమె, తన విధి కాకపోయినా, నా చేతి వాపును గుర్తించి సకాలంలో నర్సును పిలిచారు. నా కుడిచేయి దక్కడానికి కారకులు వారేనని ధ్రువీకరిస్తూ, ఇందుమూలంగా నా కృతజ్ఞత తెలియజేసుకుంటున్నాను.'