రేస్ ఇచ్చే కాలు

వనిత టీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వచ్చిందంటే ఏ బండి జబ్బయినా తేలిపోయినట్టే. నాంపల్లి స్టేషన్ వెనక సందులోని ఆ షెడ్డులో ఈ సంగతి మెకానిక్ మొగుడు రత్నాకర్‌కీ ఆమెకూ తప్ప మూడో మనిషికి తెలియదు. గ్లాసు అందిస్తూ చెవి దగ్గర రెండు ముక్కలు అంటుంది. రత్నాకర్ తీరిగ్గా రెండు గుక్కలు తాగి, కళ్లు మూసుకుని, ఆ రెండు ముక్కల్నే గట్టిగా ప్రకటిస్తాడు. "నీ చెవికి దండమే రత్నన్నా!" అంటారు జనం. ఖాళీ గ్లాసు ఆమె కడుగుతుంది.

పదహారేళ్లుగా అతను "రేస్ ఇయ్యి" అన్నప్పుడల్లా డ్రైవర్ సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కింది. పొయ్యి మీద కూర మాడుతున్నా తొక్కింది, ఒళ్లు కాలిపోతున్నా తొక్కింది. ఇంజిన్‌కి ఊపిరి ఎక్కడ బిగబడుతోందో ఆమె పాదానికి తెలిసిపోయేది.

మొన్న ఆదివారం కాచిగూడలో విందు. మరిది రవికిరణ్ తన కారు ఎందుకు గుంజడం లేదని అడిగితే వనిత ఆగలేక జవాబు చెప్పబోయింది. రత్నాకర్ నవ్వాడు. "గామె మా షెడ్ల కాలురా. రేస్ ఇచ్చే కాలు. కాలుకు నోరెందుకు?" బంతిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పెరుగు గిన్నె పట్టుకుని ఆమె కూడా నవ్వింది. తను నవ్వినందుకే ఆమెకు ఎక్కువ మండింది. ఇంటికొచ్చాకా ఆ మంట చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ ఆమెకు అనిపించలేదు.

సోమవారం కమలకుమారి డీజిల్ కారు వచ్చింది. ఆబిడ్స్‌లో ట్రావెల్స్ నడిపే మనిషి ఆమె. "సాఫ్ రోడ్డు మీద మంచిగనే ఉంటది. బిర్లామందిర్ ఎత్తు ఎక్కుతుంటే నల్ల పొగ, దమ్మే ఉండదు. దీన్ని మంచిగ చేస్తే నా పది బండ్లూ మీకే" అంది.

వనిత రేస్ ఇచ్చింది. సన్నగా ఉస్సుమని చప్పుడు. టర్బోకి ఏమీ కాలేదు. అది ఊదిన గాలిని ఇంజిన్‌కి మోసుకెళ్లే రబ్బరు పైపు అడుగున చిరిగింది, ఒత్తిడి పడినప్పుడే విచ్చుకుంటోంది. ఆమె లోపలికి వెళ్లి టీ తెచ్చింది. గ్లాసు ఇచ్చింది. ఒక్క ముక్కా అనలేదు.

రత్నాకర్ చెవి ఆమె వైపు వంచి రెండు గుక్కలు తాగాడు. "టర్బో పోయింది మేడం, కొత్తది ఎయ్యాలె" అన్నాడు చివరికి.

బుధవారం కొత్త టర్బోతో వెళ్లిన కారు గంటలోనే తిరిగొచ్చింది. "గిదేందయ్యా? గదే ఎత్తు, గదే పొగ!" అని కమలకుమారి కేకలేసింది. పక్క షెడ్ల వాళ్లు పోగయ్యారు. రత్నాకర్ చెమట తుడుచుకుంటూ, "వనితా, జర చాయ్ తే" అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం ఉంది. అది వినడానికే ఇన్నేళ్లు ఆగానా అన్నంత హాయిగా అనిపించింది ఆమెకు.

చాయ్ తేలేదు. గిన్నెలు తోమే సబ్బునీళ్లు మగ్గుతో తెచ్చింది. కారు తాళంచెవి మొగుడి చేతిలో పెట్టింది.

"సీట్ల కూసోండ్రి. నేను చెప్పినప్పుడు రేస్ ఇయ్యిండ్రి. ఇయ్యాల నాకు మీ కాలు చాలు."

అందరూ చూస్తుండగా అతను కూర్చున్నాడు. ఆమె బానెట్ ఎత్తి, పైపు మీద సబ్బునీళ్లు పోసి, చిరుగు విచ్చుకునేలా వంచింది. "ఇయ్యిండ్రి!" బుడబుడమని నురగ పొంగింది.

కమలకుమారి వంగి చూసింది. "నీకెప్పుడు తెల్సిందమ్మా?"

"బండి వచ్చిన రోజే."

"మరి చెప్పకపోతివేంది?"

"కాలుకు నోరెందుకన్నరు మేడం." ఇంజిన్ హోరును మించి, సందు చివరిదాకా వినబడేటట్టు అంది వనిత. "మీ పాత టర్బో మంచిగుంది, మల్ల అదే ఎక్కిస్త. ఇయ్యాల్టి సంది మీ పది బండ్లూ నేనే చూస్త, నా పేరు మీద."

కమలకుమారి రత్నాకర్ వైపు చూడకుండానే తలూపింది.

ఇంజిన్ అరుస్తూనే ఉంది. కిటికీలోంచి తల బయటపెట్టి రత్నాకర్ ఆమెనే చూస్తున్నాడు. ఆపమని ఆమె ఇంకా చెప్పలేదు.