ఆరని అడ్డకర్రలు

బేసిన్‌లో నానిన హికరీ చెట్టు బెరడు నారను విల్మా కోంబ్స్ వేళ్ళ మధ్య ఒకసారి జారనిచ్చి, నీళ్ళు విదిలించి, తోలు తొడుగు వేసిన కుడి బొటనవేలితో అదిమి, కుర్చీ చట్రం కిందనుంచి పైకి లాగింది. రెండు వరసల పైనుంచి, రెండు వరసల కిందనుంచి. ముప్పై నాలుగేళ్ళుగా, ఈ తొడుగుతోనే, చేస్తున్న పని. కళ్ళతో అవసరం లేదు. అందుకే కళ్ళు మాటిమాటికీ వెనక వరసలో నిలబెట్టిన ఎనిమిది కుర్చీల మీదికి పోతున్నాయి.

లూయివిల్ నగరంలో గృహాలంకరణ వస్తువుల ప్రదర్శన. విల్మా వాళ్ళ కుర్చీల దుకాణం ఇలాంటి చోటికి రావడం ఇదే మొదలు. ఎదుటి స్టాల్‌లో స్నానాల తొట్లు, పక్కన కిటికీ తెరలు, నెత్తిమీద దీపాలు, ఎక్కడినుంచో ఆగకుండా వీచే వేడిగాలి. పొద్దున కట్టుకొచ్చిన మొక్కజొన్న రొట్టె అప్పుడే అట్టలా అయిపోయింది.

"ఇది మా ఆయన బరువు ఆపుతుందా?" అంది ఒకావిడ, సంచీ ఊపుకుంటూ.

"ఎంతుంటారేం?"

"ఇద్దరంత ఉంటాడు."

"అయితే రెండు కొనండమ్మా."

ఆవిడ పకపకా నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు సద్దుమణిగాక వెనకనుంచి వినిపించింది, గోరు విరిచినంత చప్పుడు.

విల్మా లేచి, మూడో కుర్చీ కాళ్ళను కలిపే అడ్డకర్ర మీద బొటనవేలు పెట్టి నొక్కింది. కర్ర తిరిగింది.

అన్న వర్జిల్ నేర్పిన పద్ధతి ఒకటే. కాళ్ళు పచ్చికర్రతో చెయ్యాలి. అడ్డకర్రలు పొయ్యి వెనక మూడు వారాలు ఎండాలి. కాలు ఆరుతూ ముడుచుకుని అడ్డకర్రను పట్టేస్తుంది. మేకూ అక్కర్లేదు, జిగురూ అక్కర్లేదు. వర్జిల్ పోయాక దుకాణం నడుపుతున్న అతని కొడుకు హార్లన్, ప్రదర్శన తేదీ ముంచుకొస్తోందని, అయిదు రోజులకే కర్రలు దించేశాడు. పచ్చి పోని ఆ కర్రలు ఈ వేడిగాలికి ఇప్పుడు కుంచించుకుపోతున్నాయి. విల్మా చూసింది. చూసి, ఏమీ అనకుండా ఎనిమిదింటికీ నార అల్లింది.

రెండు గంటలకు ఆస్ట్రాండర్ అనే ఆవిడ వస్తుంది. ఆవిడ కంపెనీకి కొండల్లో విడిది ఇళ్ళున్నాయి. జూన్‌కల్లా వాటికి అరవై కుర్చీలు కావాలి. బేరం కుదిరితే దుకాణం నిలుస్తుంది. లేకపోతే వేసవికి తలుపులు మూసి, హార్లన్ గిడ్డంగిలో పనికి చేరతాడు.

"ఒరే, వదులవుతున్నాయిరా" అంది విల్మా గొంతు తగ్గించి.

"ఎన్ని?"

"ఇప్పటికి మూడు."

హార్లన్ చుట్టూ చూశాడు. "తడిగుడ్డలు చుట్టు అత్తా. కర్ర ఉబ్బుతుంది. ఆవిడ కూచుని లేచేదాకా ఆగితే చాలు."

"తర్వాత కూచునేవాళ్ళో?"

"ఆ అరవైకీ సరిగ్గా ఎండబెడదాం."

"జూన్ లోపలా? పొయ్యి వెనక విడతకి నాలుగు కుర్చీల కర్రలు పడతాయి."

అతను గుడ్డలు తడిపి అందించాడు. విల్మా మోకాళ్ళ మీద కూచుని, జ్వరం వచ్చిన బిడ్డ నుదుటికి వేసినట్టు, ఒక్కొక్క అతుక్కీ తడిగుడ్డ చుట్టింది. గంట తర్వాత విప్పి, తడి కనిపించకుండా తుడిచింది. ఒక్క కర్రా కదల్లేదు. అన్నీ నోళ్ళు మూసుకున్నాయి.

ఆస్ట్రాండర్ పొడుగాటి మనిషి. మూడో కుర్చీలోనే కూచుంది. వెనక్కి వాలి, ముందుకాళ్ళు లేపి ఊగింది. చప్పుడు లేదు.

"ఈ అల్లిక మీదేనా?" ఆవిడ అరచేత్తో నార నిమిరింది. "ఎన్నాళ్ళుంటుంది?"

"ముప్పై ఏళ్ళుంటుందండీ" అంది విల్మా. అది నిజమే. హార్లన్ భుజాలు తేలికపడి కిందికి దిగాయి. ఆస్ట్రాండర్ సంచీలోంచి పుస్తకం తీసి కలం మూత విప్పింది.

"అడ్డకర్రలు మాత్రం నెలాఖరుదాకా కూడా ఉండవు" అంది విల్మా. "సరిగ్గా ఎండలేదు. ఇందాక తడిపి బిగించాను. నేనే."

ఆవిడ మెల్లగా లేచి నిలబడింది. కుర్చీని, తర్వాత విల్మాని చూసింది.

"పద్ధతి ప్రకారం చేస్తే అరవైకి ఎన్నాళ్ళు?"

"ఏడాది."

"నాకు జూన్‌కి కావాలమ్మా." పుస్తకం మూసి, స్నానాల తొట్ల వైపు వెళ్ళిపోయింది.

హార్లన్ మూడో కుర్చీని వెనక వరసలోకి తోశాడు.

"నాన్నయితే నోరు మూసుకునేవాడు."

"మీ నాన్నయితే ఆ కర్రల్ని పొయ్యిలోకి తోసేవాడు. నిన్నూ నన్నూ కలిపి తిట్టేవాడు."

"మరి అల్లేటప్పుడే చెప్పొచ్చుగా?"

విల్మా మొదలుపెట్టిన అల్లికకు తిరిగి వచ్చి, ఆఖరి కొసను లోపలికి దోపి, చుట్టూ తుడిచింది. కోటు తొడుక్కుంది.

"నాలుగింటి బస్సుకి పోతున్నా. సోమవారం నాకోసం చూడకు."

"కోపమా అత్తా?"

"నీ మీద కాదురా."

హాలు చివరి తలుపు దాకా ఆమె ఎక్కడా ఆగలేదు. హార్లన్ బేసిన్‌లో నీళ్ళు పారబోసి వచ్చి, అప్పుడు చూశాడు: కొత్త అల్లిక నడుమ, విల్మా కుడి బొటనవేలికి వేసుకునే తోలు తొడుగు, లోపల వేలు ఇంకా ఉన్నట్టే కాస్త వంగి, నిలబడి ఉంది.