మూలపళ్ళు

మ్యూజియంలో అచ్చులు పోసే ఆవిడను అందరూ ప్లాస్టరక్క అంటారు. ఆర్నెల్లుగా ఆవిడ ఒకే దవడ పని మీద కూర్చుంది. అది లక్షల ఏళ్ళ కిందట సముద్రాలను ఏలిన రాకాసి సొరచేపది. దాని మెత్తటి ఎముకలు ఎప్పుడో కరిగిపోయాయి, మిగిలినవి పళ్ళే. వాటి కొలతను బట్టే దవడ కట్టాలి. ముందుపళ్ళు అరచేయంత ఉంటాయి, మూలకు వెళ్ళేకొద్దీ చిన్నవై పక్కకు వాలతాయి.

ప్రదర్శన ప్రారంభానికి ముందురోజు డైరెక్టరు వచ్చి పెదవి విరిచాడు.

"పోస్టర్లో ఇంతకు రెట్టింపుంది అక్కా. అన్నిచోట్లా ముందుపళ్ళే పెట్టేయండి, దవడ దానంతటదే పెద్దదవుతుంది. మూలల్లోకి ఎవడు తొంగిచూస్తాడు?"

మ్యూజియంలో ఇదివరకున్న పాత దవడలో జరిగిన తప్పూ అదే. ఇరవై ఏళ్ళు దాన్నే జనానికి చూపించి, మొన్న గుట్టుచప్పుడు కాకుండా గోదాములో పడేశారు. ప్లాస్టరక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ నోట్లో మూలన కూడా ముందుపళ్ళే ఉన్నాయా సార్?"

"చెప్పింది చెయ్యండి. లేకపోతే వేరేవాళ్ళతో చేయిస్తాను."

"చేయించుకోండి. చచ్చిన చేప, దానిమీద ఎన్ని అబద్ధాలాడినా కాదనలేదు. నాకు నోరుంది."

ఆవిడ ఆఖరి చిన్నపన్నుకు జిగురు రాసి మూలన నొక్కింది. అది ఆరితే సుత్తితో కొట్టినా ఊడదు. తర్వాత దవడలోకి నడిచి నిటారుగా నిలబడింది. పైపళ్ళు ఆవిడ తలకు జానెడు ఎత్తున వేలాడుతున్నాయి.

"రండి సార్, నా పక్కన చోటుంది. ఇద్దరం పట్టకపోతే అప్పుడు చిన్నదందాం."

డైరెక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు.