పిట్ట వేలు చూపించిన చోటు

ఆ స్టూడియోలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. చుక్కలక్క అంటేనే అందరికీ తెలుసు. ఫోటోల మీద పడ్డ దుమ్ము చుక్కలను కంప్యూటర్లో ఒక్కొక్కటిగా ఏరి పారేయడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే పని, కిటికీ పక్కన అదే బల్ల, అదే కుంటి కుర్చీ. బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లను చూసే ఉంటారు కదా, చేతుల దారి చేతులది, నోటి దారి నోటిది. ఈవిడదీ అదే వరస. కాకపోతే ఆ నోటిలోంచి వచ్చేవాటిలో సగం తిట్లే, ఆ తిట్లన్నీ మరిదికే.

మరిది ఫోటోగ్రాఫరు. వాళ్లది సముద్రం పక్క ఊరు. సాయంత్రమైతే చాలు, కెమెరా భుజాన వేసుకుని తీరానికి పోయేవాడు. అక్కడ ఇసుకలో, ఆ గాలిలో నిలబడి లెన్సు మార్చేవాడు. బుద్ధున్నవాడెవడైనా చేసే పనేనా అది? సన్నటి ఇసుక పొడి కెమెరా లోపలికి దూరి, బొమ్మ పడే పలక మీద కూర్చునేది. ఒకసారి కూర్చుందంటే ఇక ఏ ఫోటో తీసినా అదే మూల, అదే మచ్చ.

"లోపల శుభ్రం చేయించు మహానుభావా, ఆర్నెల్ల నుంచి మొత్తుకుంటున్నాను."

"శుభ్రం చేయిస్తే నీకు పనేముంటుంది వదినా?"

"నాకు పనివ్వడానికే దుమ్ము మోసుకొస్తున్నావన్నమాట. నీ దయ."

ఆమె పని తీరు ఒకటుండేది. ఒక ఫోటోలో మచ్చ ఎక్కడుందో చూసి, దాని చుట్టూ చిన్న సున్నా చుట్టి తుడిచేది. తర్వాత ఆ తుడుపును ఆ రోజు తీసిన ఫోటోలన్నిటికీ ఒకే నొక్కుతో అంటించేది. మచ్చ అన్నిట్లోనూ ఒకే చోట ఉంటుంది కాబట్టి మూడు వందల ఫోటోలూ ఒక్కసారే శుభ్రం. ఆ పైన ఒక్కో ఫోటోనూ పెద్దది చేసి, మిగిలిపోయినవేమైనా ఉంటే విడిగా ఏరేది. పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా ఆమె మొదట చెప్పే మాట ఒకటే. "అంచులు మెత్తగా కలిసిపోయి ఉంటే దుమ్ము. అంచు గట్టిగా ఉంటే అది లోకంలో ఉన్న వస్తువు. లోకంలో ఉన్నదాని జోలికి మనం పోకూడదు."

స్టూడియోకు ఇంకో పద్ధతి కూడా ఉంది. తుడిచిన ఫోటోలు ఉంచుతారు, కెమెరాలోంచి వచ్చిన ముడి ఫోటోలను మూడు నెలలు దాటగానే తీసేస్తారు. చోటు చాలదు మరి. నెల మొదటి రోజున ఆ పని చుక్కలక్కే చేసేది, ఒక్కటి కూడా మిగలకుండా.

ఒక మధ్యాహ్నం, అన్నం తిన్న మత్తులో మరిది బల్ల మీద తల వాల్చి ఉండగా, ఒకామె లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వెంట ఆరేళ్ల పిల్ల. చేతిలో మడతలు నలిగిపోయిన రసీదు.

"నాలుగు నెలలైంది. ఉందో లేదో మరి," అంది ఆమె.

మరిది తలెత్తి రసీదు చూశాడు, తర్వాత ఆమె ముఖం చూశాడు. అతని మత్తు దిగిపోయింది. లేచి నిలబడి, వెనకగదిలోకి వచ్చి, చుక్కలక్క చెవి దగ్గర వంగి చెప్పాడు.

"వదినా, ఆ పడవతను లేడూ, సముద్రం మీదికెళ్లి తిరిగి రానతను. అతని భార్య."

ఊళ్లో ఆ సంగతి తెలియనిది ఎవరికి? చిన్న పడవ, ఒంటరి మనిషి. ఒక ఆదివారం వేకువనే వేటకు వెళ్లాడు. సాయంత్రం గాలి లేచింది. మిగతా పడవలన్నీ వచ్చాయి, అతనిది రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. కుండకైతే మూత ఉంటుంది, ఊరి నోటికేదీ? నెల తిరగకుండానే కథలు పుట్టాయి. మునిగిపోతే చెక్కముక్కైనా ఒడ్డుకు కొట్టుకురాదా అన్నాడొకడు. అవతలి తీరంలో ఇంకో కాపురం ఉందట అన్నాడింకొకడు. చివరికి బళ్లో పిల్లలు కూడా పిట్టను పట్టుకుని, మీ నాన్న మిమ్మల్ని వదిలి పారిపోయాడటగా అన్నారు. పిట్ట అంటే ఈ పిల్లే, తండ్రి పెట్టుకున్న ముద్దుపేరు.

చుక్కలక్క బీరువాలోంచి కవరు వెతికి తీసుకొచ్చింది. ఆమె మనసు మెత్తబడే ఉంది. ఇద్దరినీ వెనకగదిలోకి పిలిచి తన బల్ల పక్కన కూర్చోబెట్టి, పిల్ల చేతిలో బిస్కెట్టు పెట్టింది.

"ఆ రోజు దీని పుట్టినరోజు అక్కా," అంది తల్లి కవరు విప్పకుండానే. "అయిదింటికల్లా వచ్చేస్తాను, ముగ్గురం ఫోటో దిగుదాం అన్నాడు. అయిదున్నరైంది. వెలుతురు పోతోంది, ఇంక ఆగలేనమ్మా అన్నాడు మీ మరిది. సరే, మా ఇద్దరినీ తియ్యమన్నాను. సరిగ్గా తీసేటప్పుడు ఇది సముద్రంలోకి వేలు చూపించి, అదిగో నాన్న అని అరిచింది. చూస్తే నిజంగానే ఆయన పడవే. ఇంతే కనబడుతోంది, చుక్కంత. ఇటే వస్తోంది అక్కా. ఒడ్డువైపే. పారిపోయేవాడు ఇటెందుకొస్తాడు? ఈ ఫోటో ఒక్కటి తీసుకెళ్లి అందరి ముఖాల మీదా పెడదామని వచ్చాను. ఇన్నాళ్లూ చూసే ధైర్యం లేక రాలేదు."

ఆ మాటలు సగంలో ఉండగానే చుక్కలక్క కవరు కోసం చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

ఆమెకు గుర్తుంది. గుర్తు లేకపోతే ఎంత బాగుండేది. ఆ వేళ మూడు వందల పన్నెండు ఫోటోలు. మచ్చ ఎప్పటిలాగే కుడివైపు పైన, నీళ్లూ ఆకాశమూ కలిసే గీతకు కాస్త కింద. అన్నిటికీ ఒకే తుడుపు అంటించేసింది. ఈ ఫోటో దగ్గరికి వచ్చేసరికి సున్నా పక్కనే ఇంకో చిన్న చుక్క కనబడింది. అంచు గట్టిగా ఉన్న చుక్క. అర క్షణం చెయ్యి ఆగింది కూడా. పిల్ల వేలు చాపి ఉండటమూ చూసింది, ఏ పక్షినో చూపిస్తోందిలే అనుకుంది. మరిదిని ఏదో తిడుతూ ఉంది అప్పుడు. తిడుతూనే సున్నాను కొంచెం పెద్దది చేసి, రెండు చుక్కలనూ కలిపి తుడిచేసింది.

తల్లి కవరులోంచి ఫోటో తీసింది.

ఇసుకలో తల్లి, ముందు పిట్ట. పిట్ట నోరు తెరుచుకుని ఉంది, కళ్లు ఇంతింతయి ఉన్నాయి, ఒక చెయ్యి బారుగా చాచి ఉంది. ఆ వేలు చూపించిన చోట నీళ్లు ఉన్నాయి. తళతళలాడే శుభ్రమైన నీళ్లు.

తల్లి ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసింది, వెలుతురులోకి వంచి చూసింది. "ఏదీ?" అంది. పిట్ట బిస్కెట్టు పక్కన పెట్టి తనూ వంగింది. "నాన్న ఏడమ్మా?" అని అడిగింది.

ముందు నోరు విప్పింది మరిది. "నా కెమెరా అంత మంచిదేం కాదమ్మా, అంత దూరంలో ఉన్నది పడి ఉండదు..." అంటూ వదిన వైపు చూడకుండా మొదలుపెట్టాడు. పాపం, వదినను కాయాలనే. ఆ అబద్ధం అక్కడితో ఆగితే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. చుక్కలక్కకూ ఒక క్షణం ఆశ పుట్టింది, మనిషి కదా. కానీ ఆ పిల్ల తన వేలికేసి చూసుకుంటోంది, తనే తప్పు చూపించానేమో అన్నట్టు. అది చూసి ఆమె తట్టుకోలేకపోయింది.

"పడింది," అంది చుక్కలక్క. "పడవ పడింది. నేనే తుడిచేశాను."

తల్లి అర్థం కానట్టు చూసింది. చుక్కలక్క అంతా చెప్పింది. దుమ్ము గురించి, సున్నా గురించి, ఆగిన చెయ్యి గురించి. ఎక్కడా తగ్గించి చెప్పలేదు. ముడి ఫోటో ఉండి ఉంటే ఈ పాటికి తీసి ఇచ్చేదాన్నని, మూడు నెలలు దాటిందని అదీ తన చేత్తోనే తీసేశానని చెప్పింది. ఇంకా తనకే నమ్మకం కుదరక కంప్యూటర్లో మూలమూలలా వెతికింది. మరిది సొరుగులు గుమ్మరించి పాత కార్డులన్నీ పెట్టి చూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఆ కార్డు మీద ఈ నాలుగు నెలల్లో ఎన్ని పెళ్లిళ్లు పడ్డాయో.

తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకుంది చుక్కలక్క. తల్లి తిట్టలేదు. ఫోటో పక్కన పెట్టి అడిగింది.

"అయితే నువ్వు చూశావన్నమాట."

"చూశాను."

"మేము ఒడ్డున చూసింది చుక్కనే. నువ్వు పెద్దది చేసి చూశావు. అంటే ఆయన్ని అందరికన్నా ఆఖర్న చూసింది నువ్వే అక్కా. ఎలా ఉంది పడవ? ఎటు తిరిగి ఉంది?"

చుక్కలక్క కళ్లు మూసుకుంది. ఎంత తవ్వుకున్నా ఆ నల్లటి చుక్క, దాని గట్టి అంచు తప్ప ఇంకేమీ రాలేదు. ఇటే తిరిగి ఉందమ్మా అనేస్తే సరిపోయేది. "నేను చూడలేదు తల్లీ," అంది. "కళ్ల ముందుంది గానీ చూడలేదు. నన్ను క్షమించు." పదకొండేళ్లలో ఆ బల్ల దగ్గర ఆమె ఏడవడం మరిది చూసింది అదే మొదటిసారి.

తల్లి ముఖం తుడుచుకుని, కుర్చీని కంప్యూటర్ దగ్గరికి జరుపుకుంది.

"మళ్లీ పెట్టు."

"అది దొంగ పడవ అవుతుందమ్మా. ఊళ్లోవాళ్లకు చూపిస్తే..."

"ఊరికి చూపించను. ఊరితో నాకు పనిలేదిక. ఇదిగో, దీనికి కావాలి. ఫోటోలో నాన్న లేడంటే రేపట్నుంచి ఇది కూడా ఊరి మాటే నమ్ముతుంది."

చుక్కలక్క ఫోటో తెరిచింది. నల్లరంగు తీసుకుంది. చుక్కలు ఏరే చెయ్యి ఇప్పుడు చుక్క పెట్టాలి. పాత మచ్చ ఉండే చోటు ఆమెకు కంఠతా వచ్చు, దాని పక్కనే పెట్టింది, గీతకు కింద, గట్టి అంచుతో.

"ఇక్కడేనా పిట్టా?"

పిట్ట బల్ల మీదికి వాలి చూసింది. "ఇంకా దగ్గర, పెద్దమ్మా."

చుక్కను కొంచెం ఇటు జరిపింది.

"ఇంకొంచెం."

జరిపింది. దగ్గరైన పడవ అంత చిన్నగా ఉండదు కదా, అందుకని కాస్త పెద్దది కూడా చేసింది. ఇప్పుడది పడవలా ఉంది. పిట్ట ముఖం వెలిగింది. "ఇంకొంచెం ఇటు. ఇంకా. అలా కాదు, నాన్న నిలబడి ఉంటాడు." చుక్కలక్క పడవ మీద ఒక చిన్న నిలువు గీత పెట్టింది. "ఆఁ. ఇంకా దగ్గరికి." పడవ అలలు దాటి, నురుగు దాకా వచ్చింది. మరిది గుమ్మంలో నిలబడి గోడకేసి తిరిగాడు. చుక్కలక్కకు తెలుస్తూనే ఉంది ఇది ఎక్కడికి పోతోందో. కానీ ఆ పిల్ల అడుగుతుంటే ఏ చెయ్యి ఆగుతుంది? ఇంకొక్కసారి జరిపితే పడవ ఇసుకకు తగులుతుంది.

"చాలు," అంది తల్లి.

పిట్ట వెనక్కి తిరిగి చూసింది. "ఇంకొంచెమే అమ్మా."

"నాన్న అంత దగ్గరికి రాలేదు పిట్టా." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "అక్కా, మొదట పెట్టావే, అక్కడే ఉంచు. అక్కడిదాకా వచ్చాడు. ఉన్నదే ఉండనీ."

వెనక్కి తీసుకునే మీట ఒకటుంటుంది, నొక్కినప్పుడల్లా చేసిన పని ఒక్కొక్కటే చెరిగిపోతుంది. తెరను అవతలికి తిప్పి నొక్కాల్సింది. ఆ ఆలోచన చుక్కలక్కకు తర్వాత వచ్చింది. అలవాటు కొద్దీ నొక్కేసింది. పడవ నురుగులోంచి వెనక్కి వెళ్లింది. మళ్లీ నొక్కింది, అలల అవతలికి వెళ్లింది. నిలబడ్డ మనిషి పోయాడు. పడవ చిన్నదయింది, ఇంకా చిన్నదయింది. ఏడుసార్లు నొక్కాక మళ్లీ చుక్కయింది.

"నాన్న వెనక్కెళ్లిపోతున్నాడేంటమ్మా?" అంది పిట్ట.

తల్లి పిల్లను ఒళ్లోకి లాక్కుని, తలను గుండెకు అదుముకుంది. ఫోటో ముద్రణ యంత్రంలోంచి మెల్లగా బయటికి వచ్చింది. ఇసుక, ఇద్దరు, చాచిన చెయ్యి, దూరంగా గీత కింద ఆవగింజంత చుక్క.

ఏ ఫోటో ఇచ్చేముందైనా మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచి ఇవ్వడం చుక్కలక్క అలవాటు. గుడ్డ చేతిలోకి తీసుకుంది. ఫోటో వైపు కాసేపు చూసి, గుడ్డను పక్కన పెట్టేసి, అలాగే ఇచ్చేసింది.