పది అక్షరాల గడి

బేకరీ ఓవెన్లు తయారుచేసే కంపెనీలో అతనిది అనువాదం పని. ఓవెన్ స్క్రీన్ మీది ఇంగ్లీషు మాటలను పోర్చుగీసులోకి మార్చాలి. తొంభై మాటలు లొంగాయి. ‘సెట్టింగ్స్’ ఒక్కటే కొరకరాని కొయ్యయింది. డిక్షనరీ ఇచ్చిన పోర్చుగీసు మాటకు పదమూడు అక్షరాలు. స్క్రీన్ మీది గడిలో పట్టేవి పదే.

“చివర కోసేసి చుక్క పెట్టండి,” అన్నాడు ఇంజనీరు.

“తోక కోసిన దూడని సంతలో ఎవడు కొంటాడయ్యా?”

“అయితే ఇంగ్లీషే ఉంచేద్దాం. ఇవాళ మూడింటికి స్క్రీన్ మాటలన్నీ ఖాయం చేసేస్తారు. తర్వాత మార్చమన్నా మార్చరు.”

అనువాదకుడికి వీధి చివర బేకరీ నడిపే మామగారు గుర్తొచ్చాడు. పిల్లనిచ్చిన మామ. ఆయనకు పోర్చుగీసు తప్ప చదవడం రాదు. వాడి చూడమని కంపెనీ ఇచ్చిన కొత్త ఓవెన్‌లో ఇంగ్లీషు గడులను రంగుల గుర్తుతో నొక్కి, పోయిన వారం రెండు ట్రేల బ్రెడ్డు బొగ్గు చేశాడు. అప్పటినుంచి దాని మొహం చూడడం లేదు.

భోజనం వేళకు అక్కడికే వెళ్లాడు.

“రండి అల్లుడుగారూ. మొహం ఉడకని పిండిలా ఉందేం? మా అమ్మాయి ఏమన్నా అందా?”

“మీ అమ్మాయి కాదు మామయ్యగారూ, ఒక మాట...”

చెప్పబోయి ఆగాడు. ముసలాయన పాత ఓవెన్ ముందు నిలబడి ఒక పిడిని కాస్త ఎడమకు, ఇంకోదాన్ని వెంట్రుకవాసి కుడికి తిప్పి, తలుపు దగ్గర అరచేయి పెట్టి సెగ చూసుకున్నాడు.

“ఇప్పుడు మీరు చేసినదాన్ని పోర్చుగీసులో ఏమంటారు?”

“అజుస్తేస్. ఇంకేమంటారు? రోజూ పొద్దున్నే చేసేదేగా.”

అల్లుడు వేళ్లు ముడిచి పోర్చుగీసు రాతలో దాని అక్షరాలు లెక్కపెట్టాడు. ఏడు. సర్దుబాట్లని అర్థం; తనకూ తెలిసిన మాటే. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

“వేళ్లు లెక్కపెడుతున్నారేం? అన్నీ ఉన్నాయా?”

“ఇంకో మూడు మిగిలాయి కూడా!” అంటూ తినకుండానే పరుగెత్తాడు. మూడింటికి పది నిమిషాలుండగా మాట గడిలో కూర్చుంది.

నెల తిరిగేసరికి మామగారి దగ్గరున్న ఆ ఓవెన్‌కి కొత్త స్క్రీన్ వచ్చింది. మామగారు నుదుటి మీది కళ్లజోడు దించి, కూడబలుక్కుని చదివి, గడి నొక్కాడు. వేడి పది డిగ్రీలు తగ్గించి ట్రే లోపలికి తోశాడు.

“ఈ మాత్రం దానికి అంత చదువెందుకు? నన్నడిగితే చెప్పేవాణ్ణిగా!”

“అడిగానుగా.”

“ఎప్పుడు?”

అల్లుడు మెట్టు మీద చతికిలబడి బ్రెడ్డు వాసన వచ్చేదాకా కూర్చున్నాడు.