పేరెత్తని పురుగు

గునపం రాతికి తగిలినప్పుడల్లా సూరయ్య కుడి భుజం ఎముక చర్మాన్ని పైకి తోసి దిగుతోంది. మూరెడు లోతు కాలవ, అందులో నారింజ రంగు గొట్టం, గొట్టంలో వెంట్రుకంత గాజు తీగ. నరసన్నపేట నుంచి బొబ్బిలి దాకా, బొబ్బిలి దాటి ఈ కొండమీది ఊరి దాకా, పన్నెండేళ్ళుగా అతను తవ్వుతున్నది ఈ కాలవే. అతని జేబులో ఉన్నది మాత్రం బటన్ల ఫోను. అందులో ఇంటర్నెట్ రాదు.

ఈ ఊరికి రోడ్డు వేయడానికి కొండ అడ్డొచ్చింది. తీగ వేయడానికి రాలేదు. రోగమొస్తే డోలీ కట్టాలి, ఆరు మైళ్ళు మోయాలి.

పొద్దున్నే టెక్నీషియన్ వినోద్ బడి అరుగు పైన గోడకి పెట్టె బిగించి లైను వెలిగించాడు. సూరయ్య బావమరిది లక్ష్ముడి ఫోను అందుకుని, నోటితో అడిగితే చాలని చూపించాడు.

"ఏ ఊళ్ళో వెలిగించినా మొదట అడిగేది బంగారం రేటే. ఆ తర్వాత సినిమా పాటలు," అని నవ్వి, కాలిబాటన దిగిపోయాడు.

"మీ అక్క ముక్కుకి పుడకే నేదు. రేటెందుకురా మనకి?" అన్నాడు సూరయ్య.

"ముందు నువ్వు తవ్వు," అంది భార్య కూర్మమ్మ, మట్టి తట్ట ఎత్తుతూ.

చివరి ఇరవై గజాల గొట్టం ఇంకా పైనే పడుంది. దాన్ని పూడ్చేస్తే ఈ ఊరి పని అయిపోతుంది. పదకొండు గంటల వేళ సూరయ్య ఒక రాయి కదిపి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలి కణుపు మీద రెండు చుక్కలు. రాళ్ళ సందులోకి నల్లటి తోక జారిపోయింది.

"పురుగు ముట్టింది," అన్నాడు నెమ్మదిగా.

కూర్మమ్మ తట్ట వదిలేసింది. వీళ్ళు పాముని పాము అనరు. పేరెత్తితే మళ్ళీ వస్తుందని భయం. తాతల నాటి నుంచి అది పురుగే.

"డోలీ కట్టించరా తమ్ముడా!"

"ఉండవే. అడగరా లక్ష్ముడూ. ఇంత దూరం తెచ్చినాం గదా దీన్ని."

లక్ష్ముడు ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "పురుగు ముట్టింది. ఏటి సెయ్యాల?"

తీయటి ఆడగొంతు పలికింది. పురుగు కుడితే కంగారు పడకండి. సబ్బుతో కడగండి. తడిగుడ్డ వేయండి. రెండు గంటల్లో తగ్గిపోతుంది.

"అదేటో నాకు తెల్దు మావా. ఎల్దాం పద," అంది కూర్మమ్మ.

"పన్నెండేళ్ళు తవ్వినానే దానికి. నాకే అబద్దం సెప్తాదేటి?"

బడి అరుగు మీద కూర్చున్నాడు. నొప్పి లేదు. వాపూ లేదు. ఆ గొంతు చెప్పింది నిజమేననిపించింది. గంట గడిచింది. పక్కింటావిడ గ్లాసుతో సోడి అంబలి ఇస్తే తాగబోయాడు. గుటక పడలేదు. అంబలి పెదవి చివర నుంచి గడ్డం మీదికి కారింది. రెప్పలు వాలిపోతున్నాయి.

"నిద్దరొస్తందేటి మావా?"

"రెండు గంటలన్నాది గదా... తగ్గుతాది," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

లక్ష్ముడు ఫోను పట్టుకుని అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ పేరెత్తడం అదే మొదలు. "పాము! పాము కరిసింది మా బావని!"

అదే గొంతు, అదే తీపి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రతి నిమిషమూ ముఖ్యం.

దానికి తెలుగు వచ్చు. వీళ్ళ తెలుగే రాదు. నేర్పడానికి ఏ దొరా ఈ కొండ ఎక్కలేదు.

డోలీ పరుగున దిగింది. రెండో మైలులో, గెడ్డ నీళ్ళ మధ్య, కూర్మమ్మ అతని ఛాతీ మీద ఆనించిన చెయ్యి తీసేసింది.

"దింపేయండి," అంది.

సాయంత్రం ఊరంతా బడి దగ్గర మూగి ఫోన్లని ఏవేవో అడిగింది. అరుగు మాత్రం ఎవరూ ఎక్కలేదు. ఆకుపచ్చ దీపం మినుకుమంటున్న పెట్టె కింద, స్టీలు గ్లాసులో సగం మిగిలిన సోడి అంబలి, పైన పొర కట్టి, అలాగే ఉంది.